ఆల్బానోలో ఒక రాత్రి

కతోలిక శ్రీసభలో లాటిన్ పూజ వివాదం మళ్లీ రాజుకుంది. పాత పూజాక్రమాన్నే పట్టుకుని ఉన్న పునీత పదో పియస్ సంఘానికి 1988లో నలుగురు బిషప్పులు దొరికారు. వారిలో టిస్సియే ద మాలరే 2024 అక్టోబరులో, రిచర్డ్ విలియమ్సన్ 2025 జనవరిలో కన్నుమూశారు. విలియమ్సన్‌ను సంఘం అంతకు చాలా ముందే బయటికి పంపేసింది కూడా. ఇక మిగిలింది ఫెలే, గలారెటా ఇద్దరే. ఇద్దరూ అరవై ఐదు దాటినవారు. ప్రపంచమంతా చెదిరి ఉన్న 700కు పైగా గురువులు (ఫాదర్లు) ఉన్న సంఘానికి 2025లో ఈ ఇద్దరే ఆధారం. గురుపట్టం ఇవ్వాలంటే బిషప్ ఉండాలి. బిషప్‌ను అభిషేకించాలంటే మరో బిషప్ ఉండాలి. అది పోప్ ఆజ్ఞ లేకుండా జరిగితే అభిషేకం చెల్లుతుంది కానీ, చేసినవారికీ చేయించుకున్నవారికీ వెలి తప్పదు. శ్రీసభ చట్టంలోని ఈ మెలికే ఇప్పుడు పోప్ 14వ లియో బల్ల మీద ఉంది.

2025 మే 8న ఎన్నికైన లియో ఈ విషయంలో తొలి నెలల్లో ఆచితూచి మాట్లాడారు. అదే ఏడాది అక్టోబరు 25న పాత పూజను సమర్థించే అమెరికన్ కార్డినల్ బర్క్ సెయింట్ పీటర్స్ బసిలికాలో పాత పద్ధతిలో పూజ చేయడానికి అనుమతి వచ్చింది. దాన్ని ఒక వర్గం పండుగ చేసుకుంది, మరో వర్గం భుజాలెగరేసింది. లియో మాత్రం ఒక ఇంటర్వ్యూలో, లాటిన్‌లో పూజ కావాలంటే ఇప్పుడున్న కొత్త క్రమంలోనే చేసుకోవచ్చని, చిక్కంతా పాత క్రమం దగ్గరేనని అన్నారు.

ఆ మాటలో అసలు విషయం ఉంది. గొడవ భాష గురించి కాదు. ప్రపంచ బిషప్పులంతా కూడి శ్రీసభలో మార్పులు తలపెట్టిన రెండో వాటికన్ మహాసభ (1962-65) ఎందుకు జరిగింది, దాని తర్వాత కొత్త పూజాక్రమం ఎలా వచ్చింది, గురువు బలిపీఠం అవతలి నుంచి ప్రజల వైపు ఎప్పుడు తిరిగారు అన్నవి చాలామందికి తెలిసినవే, వాటిలోకి వెళ్లను. మన విచారణల్లోనూ, అంటే పారిష్‌లలోనూ, 1960ల మధ్య వరకు దివ్యబలిపూజ లాటిన్‌లోనే సాగేది. గురువు తనలో తాను చదువుకుంటుంటే వెనక అమ్మమ్మలు జపమాల తిప్పుకునేవారు. పురోహితుడి మంత్రాలకు అర్థం తెలియకపోయినా తలవంచి అక్షతలు వేసే తెలుగువారికి ఆ మమకారం అర్థం కావడానికి పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు. కానీ సంఘాన్ని స్థాపించిన ఆర్చిబిషప్ మార్సెల్ లెఫెవ్ర్ పోరు పూజతో ఆగలేదు. మత స్వేచ్ఛ మీద మహాసభ చెప్పిన మాటను, ఇతర మతాలతో సంభాషణను ఆయన ఒప్పుకోలేదు. 1986 అక్టోబరులో రెండో జాన్ పాల్ అన్ని మతాల పెద్దలను అసిసీకి పిలిచి ప్రార్థనకు కూర్చోబెట్టాక, రోమ్ మీద ఆయనకు మిగిలి ఉన్న కాస్త నమ్మకమూ పోయింది.

ఈ చరిత్రను చెప్పేవారు ఎక్కువగా 1976 దగ్గర ఆగుతారు. పోప్ ఆరో పాల్ లెఫెవ్ర్‌ను గురుత్వ విధుల నుంచి తప్పించిన ఏడాది అది. నా లెక్కలో మలుపు అక్కడ లేదు. అది 1988 మే 5కూ 6కూ మధ్య రాత్రిలో ఉంది. ఆ రాత్రిని పట్టుకోకపోతే 2007 అర్థం కాదు, 2009 అర్థం కాదు, ఇప్పటి లియో తటపటాయింపూ అర్థం కాదు.

అప్పటికి లెఫెవ్ర్ వయసు 82. తాను పోతే తన గురువిద్యాలయాల్లో చదువుతున్న కుర్రవాళ్లకు పట్టం ఇచ్చేవారుండరన్నది ఆయన భయం. రోమ్ తరఫున ఆయనతో మాట్లాడింది విశ్వాస సిద్ధాంత శాఖ అధిపతి కార్డినల్ జోసెఫ్ రాట్‌జింగర్, తర్వాతి రోజుల్లో పోప్ 16వ బెనెడిక్ట్. మహాసభలో యువ వేదాంతిగా పనిచేసిన రాట్‌జింగర్ దాన్ని తోసిపుచ్చే మనిషి కాదు. అలాగని వందల ఏళ్లుగా నడిచిన పూజాక్రమాన్ని ఒక్కసారిగా నిషేధించినట్టు పక్కన పెట్టడం ఆయనకు మింగుడు పడలేదు. ఈ మాట తర్వాత ఆత్మకథలో దాచుకోకుండా రాశారు.

మే 5న రోమ్‌లో ఒప్పందం కుదిరింది. లెఫెవ్ర్ పోప్‌కు విధేయత ప్రకటించారు. కొత్త పూజ చెల్లుతుందని ఒప్పుకున్నారు. మహాసభ పత్రాల్లో తనకు మింగుడుపడని చోట్ల రచ్చ చేయకుండా చర్చిస్తానన్నారు. బదులుగా సంఘానికి చట్టబద్ధమైన హోదా, పాత పుస్తకాలతో పూజ చేసుకునే వెసులుబాటు, రోమ్‌లో ఒక కమిషన్, అందులో సంప్రదాయవాదులకు రెండు స్థానాలు. వీటికి తోడు సంఘం నుంచే ఒకరిని బిషప్‌గా నియమించడం ఆచరణ రీత్యా, మానసికంగా కూడా మేలని పత్రంలో రాశారు. ఇద్దరూ సంతకాలు చేశారు.

ఆ రాత్రి రోమ్‌కు దగ్గరలోని ఆల్బానోలో, తమ సంఘం ఇంట్లో లెఫెవ్ర్‌కు నిద్ర పట్టలేదు. పత్రంలో బిషప్ అన్న మాట ఉంది, తేదీ లేదు. ఎవరన్నది లేదు. ఎప్పుడన్నది లేదు. తనను ఇలాగే సాగదీసి, తాను పోయాక సంఘాన్ని మెల్లగా కరిగించేస్తారేమోనన్న అనుమానం తెల్లవార్లూ తొలిచింది. పొద్దున్నే రాట్‌జింగర్‌కు ఉత్తరం రాశారు. నిన్న సంతోషంగానే సంతకం చేశానంటూ మొదలుపెట్టి, జూన్ 30 నాటికి బిషప్ అభిషేకం జరగాలని, లేకపోతే మనస్సాక్షి ప్రకారం తానే ఆ పని చేయాల్సి వస్తుందని తేల్చారు. సంతకం సిరా ఆరకముందే ఒప్పందం చిరిగింది.

ఆ ఉత్తరాన్ని సంఘం మనుషులు ఇప్పటికీ ఒక రకంగానే చదువుతారు: కొండలా నిలబడ్డ వృద్ధుడు, వాయిదాలతో మోసం చేసే రోమ్. సరే, రోమ్‌కు వాయిదా అలవాటు లేదని ఎవరూ అనరు. కానీ తర్వాతి మూడు వారాల్లో ఏం జరిగిందో కూడా చూడాలి. మే 24న ఇద్దరూ మళ్లీ కలిశారు. ఇప్పుడు లెఫెవ్ర్‌కు ఒక బిషప్ చాలలేదు, ముగ్గురు కావాలన్నారు. కమిషన్‌లో రెండు స్థానాలు చాలలేదు, మెజారిటీ కావాలన్నారు. మే 30న రాట్‌జింగర్ రాసిన జవాబులో అంతకుముందు లేని తేదీ దొరికింది: పద్ధతి ప్రకారం పేర్లు పరిశీలించి, ఆగస్టు 15 నాటికి అభిషేకం జరిగేలా ఒకరిని నియమించడానికి పోప్ సిద్ధంగా ఉన్నారు.

జూన్ 30కి, ఆగస్టు 15కి మధ్య 46 రోజులు. శతాబ్దాలతో లెక్కలు కట్టే సంస్థ ఆ 46 రోజుల దగ్గర చీలింది. జూన్ 2న లెఫెవ్ర్ నేరుగా పోప్‌కే రాశారు, తనకిక చర్చలతో పని లేదని. జూన్ 30న స్విట్జర్లాండ్‌లోని ఎకోన్‌లో అభిషేకం జరిగింది, ఒకరికి కాదు, ముగ్గురికి కాదు, నలుగురికి. జూలై 1న వాటికన్ బిషప్పుల శాఖ వెలి ప్రకటించింది, మర్నాడు జాన్ పాల్ ఆదేశం వెలువడింది. లెఫెవ్ర్‌తో పాటు నలుగురికీ, అభిషేకంలో చేయి కలిపిన బ్రెజిల్ విశ్రాంత బిషప్ కాస్ట్రో మేయర్‌కూ వెలి.

ఆ తర్వాత రాట్‌జింగర్ చేసిన పనులు చూస్తే, ఆ ఓటమిని ఆయన ఎదుటివారి మీదికి నెట్టేయలేదని తెలుస్తుంది. అభిషేకం జరిగి రెండు వారాలు గడవకముందే, జూలై 13న చిలీ బిషప్పులతో మాట్లాడుతూ, ఇంతమందిని అటువైపు లాగినదేమిటో మనల్ని మనం ప్రశ్నించుకోవాలన్నారు. పూజలోంచి పవిత్రత ఆవిరైపోయిన తీరు గురించి చెప్పారు. అదే నెలలో లెఫెవ్ర్ దారి నచ్చక బయటికి వచ్చిన గురువులు స్విట్జర్లాండ్‌లోని ఓతెరీవ్ మఠంలో పునీత పేతురు సంఘం పెట్టుకున్నారు. పోప్ పట్ల విధేయతతోనే పాత పూజ చేసుకుంటామన్నారు. వారికి రాట్‌జింగర్ అండగా నిలిచారు. 1990 ఈస్టరుకు జర్మనీలోని విగ్రాట్స్‌బాడ్‌లో వారి దగ్గరికి వెళ్లి స్వయంగా పాత క్రమంలో పూజ చేశారు. లెఫెవ్ర్ 1991లో రాజీ పడకుండానే చనిపోయారు.

2005 ఏప్రిల్‌లో 16వ బెనెడిక్ట్ పేరుతో పోప్ అయ్యాక రాట్‌జింగర్ తొలి నెలల్లోనే, అప్పటి సంఘాధిపతి ఫెలేను కాస్టెల్ గాండోల్ఫోకు పిలిపించి మాట్లాడారు. 2007 జూలై 7న విడుదల చేసిన ఆదేశంలో, పాత పూజాక్రమం ఎన్నడూ రద్దు కాలేదని, ఏ గురువైనా బిషప్ అనుమతి అడగకుండా దాన్ని వాడుకోవచ్చని చెప్పారు. బిషప్పులకు రాసిన ఉత్తరంలో వాదం ఇంకా సూటిగా ఉంది: ఒక తరానికి పవిత్రమైనది మరో తరానికి ఉన్నట్టుండి నిషిద్ధం ఎలా అవుతుంది?

2009 జనవరి 21న నలుగురు బిషప్పుల మీద వెలి ఎత్తివేసే ఆదేశం మీద సంతకం అయింది. అదే రోజు స్వీడన్ టెలివిజన్‌లో విలియమ్సన్ కనిపించారు. నాజీల గ్యాస్ గదులు అసలు లేనే లేవన్నట్టు మాట్లాడారు. ఆ ఇంటర్వ్యూ రికార్డయింది రెగెన్స్‌బర్గ్ దగ్గర, రాట్‌జింగర్ ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరికి కూతవేటు దూరంలో. ఆపైన ఏమైందో ఊహించుకోవచ్చు. జర్మన్ ఛాన్సలర్ మెర్కెల్ బహిరంగంగా వివరణ అడిగారు. జర్మన్ పోప్ యూదు ద్వేషిని చేరదీశాడన్న అపవాదు పడింది.

మార్చి 10న బెనెడిక్ట్ ప్రపంచ బిషప్పులందరికీ ఒక ఉత్తరం రాశారు. పోప్‌లు సాధారణంగా అలా రాయరు. ఇంటర్నెట్‌లో వెతికితే ముందే తెలిసేదట, ఇకపై జాగ్రత్తగా ఉంటామని ఒప్పుకున్నారు. వెలి ఎత్తేసినంత మాత్రాన వారికి శ్రీసభలో ఏ హోదా రాలేదని వివరించారు. అసలు తెలిసినవారే, సొంత కతోలికులే తన మీద పగతో విరుచుకుపడ్డారని, యూదు మిత్రులు మాత్రం అర్థం చేసుకున్నారని రాశారు. గలతీయులకు పౌలు రాసిన, ఒకరినొకరు కరిచి తినేయవద్దన్న మాటను గుర్తు చేసుకున్నారు. ఎనభై దాటిన మనిషి మనసు నొచ్చుకుని రాసిన ఉత్తరం అది, ఇప్పుడు చదివినా తెలుస్తుంది.

చర్చలు 2012 వరకు సాగాయి. సంఘం మహాసభను పూర్తిగా ఒప్పుకోవాలన్న షరతు దగ్గర చతికిలపడ్డాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బెనెడిక్ట్ పదవి వదిలేశారు.

తర్వాతి పోప్ ఫ్రాన్సిస్ చేసినది రెండు ముఖాలుగా ఉంది. చట్టబద్ధ హోదా లేని పదో పియస్ సంఘం గురువులకు 2015లో పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) వినే అధికారం ఇచ్చారు, 2016లో దాన్ని పొడిగించారు, 2017లో వారి దగ్గర పెళ్లిళ్లకు దారి తెరిచారు. 2021 జూలై 16న మాత్రం 2007 నాటి వెసులుబాటును వెనక్కి తీసుకున్నారు. ఇకపై పాత పూజకు బిషప్ అనుమతి కావాలి, కొత్తగా గురుపట్టం పొందినవారికైతే రోమ్ అనుమతి కూడా. బెనెడిక్ట్ ఔదార్యాన్ని మహాసభను తిరస్కరించడానికి వాడుకున్నారని, బిషప్పుల అభిప్రాయ సేకరణలో అదే తేలిందని ఆయన కారణం చెప్పారు. 2025 జూలైలో ఆ సేకరణ పత్రాలు కొన్ని బయటికి వచ్చాయి. వాటి ప్రకారం ఎక్కువమంది బిషప్పులు 2007 ఏర్పాటును కదపవద్దన్నారు. అది అసంపూర్ణ చిత్రమని వాటికన్ ప్రతినిధి కొట్టిపారేశారు. పూర్తి చిత్రం మాత్రం ఇంకా ఎవరికీ చూపలేదు. లోపల ఉండి విధేయంగా అడిగినవారికి తలుపు మూసి, గడప బయట నిలబడి వాదించేవారికి కిటికీ తెరవడం ఏ లెక్కో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. పునీత పేతురు సంఘానికి 2022 ఫిబ్రవరిలో మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. ఊరూరా ఉన్న మామూలు విచారణ గురువులకు అది లేదు.

2021 ఆదేశం వచ్చినప్పుడు బెనెడిక్ట్ ఇంకా బతికే ఉన్నారు, వాటికన్ తోటల్లోని మఠంలో. దాన్ని చదివి ఆయన గుండె నలిగిపోయిందని, 2022 డిసెంబరు 31న ఆయన మరణించాక కార్యదర్శి గాన్స్వైన్ చెప్పారు.

తమిళనాడులోని పాళయంకోట్టైలో పదో పియస్ సంఘానికి మఠం ఉంది. మన దగ్గర ఈ వివాదం ఇప్పటికీ ఎక్కువగా ఫోన్లలో తిరిగే వీడియోల వరకే. ఆ వీడియోల్లో ఎకోన్ అభిషేకం దృశ్యాలు తరచూ వస్తుంటాయి: స్విట్జర్లాండ్ కొండల కింద పెద్ద గుడారం, వేల మంది జనం, తెల్లజుట్టు లెఫెవ్ర్. ముందు రోజు సాయంత్రం సంగతి వాటిలో ఉండదు. 1988 జూన్ 29న బెర్న్‌లోని పోప్ రాయబార కార్యాలయం నుంచి ఒక కారు ఎకోన్ గురువిద్యాలయానికి వచ్చింది. వచ్చినవారి చేతిలో రాట్‌జింగర్ తంతి ఉంది. క్రీస్తు మీద, శ్రీసభ మీద ప్రేమతో పరిశుద్ధ తండ్రి అడుగుతున్నారు, అభిషేకం మానుకుని ఈ రోజే రోమ్‌కు బయలుదేరండి అని. ఎక్కితే తీసుకువెళ్లడానికి కారు వాకిట్లోనే సిద్ధంగా ఉంది. లెఫెవ్ర్ తంతి చదివారు. కారెక్కలేదు.