రివర్ మీద ముందు మాట మనదైతే: పోకర్‌లో కొన్ని అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పోకర్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రమ్మీ నుంచో, మూడు ముక్కలాట నుంచో వస్తారు. ముక్కలు గుర్తుపెట్టుకోవడం, అవతలివాళ్ల మొహం కనిపెట్టడం వాళ్లకు కొత్త కాదు. ఇబ్బంది ఎక్కడంటే, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచే ఐదు ముక్కల్లో చివరిది, అంటే రివర్ పడ్డాక. ఇద్దరే మిగిలారు. ముందు మాట్లాడాల్సింది మనం. మనం ఏం చేశామో చూసుకుని అవతలి ఆటగాడు తీరిగ్గా నిర్ణయం తీసుకుంటాడు. దీన్నే అవుటాఫ్ పొజిషన్ అంటాం. ఇక్కడ బెట్ వేయాలా, చెక్ అనాలా (ఏమీ పెట్టకుండా వంతు వదిలేయాలా)? వారాంతాల్లో కూకట్‌పల్లిలో మేం కూర్చునే బల్ల దగ్గర ఎక్కువ వాదన జరిగేది దీని మీదే.

ఎవరు ఏ ఆట నుంచి వచ్చారో ఈ ఒక్క చోట తెలిసిపోతుంది. మూడు ముక్కలాటలో చెక్ లేదు. వంతు వచ్చాక ఆటలో ఉండాలంటే ఏదో ఒకటి వేయాల్సిందే, లేదంటే ప్యాక్. అందుకని వాళ్లకు చెక్ అంటే ఓటమి ఒప్పుకున్నట్టు ఉంటుంది, ఊరికే బెట్ వేస్తారు. రమ్మీ వాళ్లు దీనికి పూర్తిగా రివర్స్. మొదట్లోనే డ్రాప్ అయి 20 పాయింట్లతో బయటపడే అలవాటు కదా, ఇక్కడ అన్నిటికీ చెక్ అంటారు. రెండు అలవాట్లలోనూ ఒక లోపం ఉంది. రెండూ సొంత ముక్కలనే చూస్తాయి, అవతలివాడు తర్వాత ఏం చేస్తాడన్నది చూడవు.

అపోహ: పొజిషన్ లేనప్పుడు రివర్ మీద చెక్ చేయడమే క్షేమం.

వాస్తవం: చెక్ ఉచితం కాదు. మీరు చెక్ అంటే ఎంత పెట్టాలో నిర్ణయించే హక్కు అవతలివాడికి వెళ్తుంది. అతని దగ్గర మంచి హ్యాండ్ (ముక్కల కలయిక) ఉంటే పెద్ద బెట్ వేస్తాడు. మధ్యరకం ఉంటే తనూ చెక్ అని షోకి వెళ్తాడు. అంటే మీరు గెలిచే చోట అదనంగా ఏమీ రాదు, ఓడే చోట పెద్ద మొత్తం పోతుంది.

లెక్క వేసి చూద్దాం. బోర్డు (బల్ల మీది ఉమ్మడి ముక్కలు) మీద ఇస్పేటు రాజు, డైమండ్ 9, కళావరు 4, ఆఠీను 7, చివరగా ఇస్పేటు 2. మీ చేతిలో రాజు, 10. పాట్‌లో, అంటే అప్పటిదాకా అందరూ పెట్టిన మొత్తంలో, 1000 చిప్స్. అవతలి ఆటగాడి దగ్గర పది రకాల హ్యాండ్స్ ఉండొచ్చు, అన్నిటికీ సమాన అవకాశం అనుకుందాం. అందులో 4 మీకంటే మంచివి: రాజు-రాణి, రాజు-జాకీ, రెండు జతల్లాంటివి. 4 మీకంటే తక్కువవి: తొమ్మిదుల జత, రాజు-8 లాంటివి. మిగతా 2 కుదరని స్ట్రెయిట్ డ్రాలు, అంటే వరుసగా ఐదు ముక్కలు వస్తాయని చూసి తప్పినవి.

మీరు చెక్ చేస్తే మంచి హ్యాండ్స్ నాలుగింటితో, కుదరని రెండింటితో అతను 600 వేస్తాడు. మధ్యరకం నాలుగింటితో చెక్ చేస్తాడు. మీరు ప్రతిసారీ కాల్ చేస్తే (అతను వేసినంతే పెడితే) పది సార్లకు ఆరుసార్లు పాట్ మీది, 6000. నాలుగుసార్లు 600 చొప్పున 2400 పోయింది. అతని బ్లఫ్ (ఏమీ లేకుండా వేసిన బెట్) పట్టుకున్న రెండుసార్లు 1200 వచ్చింది. మిగిలింది 4800.

ఇప్పుడు మీరే ముందు 300 వేశారు. మంచి హ్యాండ్స్ నాలుగూ కాల్ చేస్తే 1200 పోయింది. తక్కువవి నాలుగూ కాల్ చేస్తే 1200 వచ్చింది. డ్రాలు ఫోల్డ్, అంటే ముక్కలు పడేస్తాడు. మిగిలింది 6000. తక్కువ హ్యాండ్స్‌లో రెండే కాల్ చేసి రెండు ఫోల్డ్ అయ్యాయనుకోండి, అప్పుడు కూడా 5400. అంటే కాల్ వచ్చిన ఆరుసార్లలో మీరు గెలిచింది రెండుసార్లే. అయినా చెక్ చేసి కాల్ చేయడం కంటే ఇదే మెరుగు.

ఈ లెక్క మొదటిసారి చూసినప్పుడు చాలామంది నమ్మరు. కాల్ వస్తే సగం కంటే ఎక్కువసార్లు గెలిచేలా ఉంటేనే బెట్ వేయాలని వాళ్లు ఎక్కడో నేర్చుకుని ఉంటారు. ఆ సూత్రం చివర మాట్లాడేవాడిది. అతను చెక్ అంటే ఆట అక్కడే ఆగి షో అవుతుంది, ఇంకేమీ పెట్టనక్కర్లేదు. మనం చెక్ అన్నాక 600 పెట్టాల్సి రావచ్చు. అందుకే మన 300ను ఆ 600తో పోల్చాలి.

అలాగని ఎప్పుడూ 300 వేయమని కాదు. అదే చోట బ్లఫ్ అంటే ప్రాణమిచ్చే ఆటగాడు ఉన్నాడనుకోండి. కుదరని డ్రాలు రెండు కాదు, ఆరు. చెక్ చేసి కాల్ చేస్తే పద్నాలుగు సార్లకు 11,200 వస్తాయి. 300 వేస్తే 10,000. మీ బెట్ చూసి ఆ డ్రాలన్నీ ఫోల్డ్ అయిపోతాయి, అతను పోగొట్టుకోవాల్సిన చిప్స్‌ను మీరే కాపాడినట్టు. పైగా అలాంటివాడు మీ 300 మీద రెయిజ్ చేసి (ఇంకా పెంచి) మిమ్మల్నే ఫోల్డ్ చేయించవచ్చు, పాట్ మొత్తం పోతుంది. అవే ముక్కలు, అదే బోర్డు, జవాబు మాత్రం తారుమారైంది.

అపోహ: నేను ఎక్కడున్నానో తెలుసుకోవడానికి ఒక బెట్ వేసి చూస్తాను.

వాస్తవం: రివర్ తర్వాత ఇంకో ముక్క లేదు. తెలుసుకున్నది ఈ ఆటలో వాడుకోవడానికి ఇంకో రౌండ్ లేదు. తక్కువ హ్యాండ్‌తో కాల్ చేయించడానికో, మంచి హ్యాండ్‌ను ఫోల్డ్ చేయించడానికో, లేదా పైన చెప్పినట్టు పెద్ద బెట్ రాకుండా ఆపడానికో బెట్ వేయాలి. ఈ మూడూ కాకపోతే చెక్ అనండి.

అపోహ: ఫ్లష్ (ఒకే గుర్తున్న ఐదు ముక్కలు) కుదరలేదు, షోలో గెలవను, కాబట్టి బ్లఫ్ చేయాల్సిందే.

వాస్తవం: 1000 పాట్‌లో 500 బ్లఫ్ వేస్తే మూడింట ఒకసారి కంటే ఎక్కువ ఫోల్డ్ రావాలి, 1000 వేస్తే సగం కంటే ఎక్కువ. మరి ఫోల్డ్ అయ్యేవి ఏవి? చాలాసార్లు అతని దగ్గర ఉన్న కుదరని డ్రాలే. బోర్డు మీద రెండు ఇస్పేట్లు ఉన్నాయి, మీ చేతిలో ఇంకో రెండు. మీ ముక్కలు పక్కన పెడితే అవతలివాడికి రెండు ఇస్పేట్లు వచ్చే జతలు 55. మీ రెండూ తీసేస్తే 36 మాత్రమే. ఫోల్డ్ కావాల్సిన హ్యాండ్స్‌నే మీరు పట్టుకుని కూర్చున్నారు. అందుకే ఫ్లష్ తప్పిన ముక్కలు బ్లఫ్‌కు అంత మంచివి కావు. ఇస్పేటు లేకుండా, అతని మంచి హ్యాండ్స్‌కు అడ్డుపడే ముక్క ఒకటి మీ దగ్గర ఉంటే ఆ బ్లఫ్ బలంగా ఉంటుంది.

అపోహ: ముందు రౌండ్‌లో కాల్ మాత్రమే చేసినవాడు తర్వాత తనే బెట్ మొదలుపెడితే అది తెలివితక్కువ ఆట.

వాస్తవం: దీన్ని డాంక్ బెట్ అంటారు, పేరులోనే చిన్నచూపు ఉంది. 2019లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, ఫేస్‌బుక్ పరిశోధకులు తయారుచేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రామ్ ఆరుగురి టేబుల్ మీద ప్రొఫెషనల్ ఆటగాళ్లను గెలిచింది. అది మనుషుల కంటే చాలా ఎక్కువసార్లు ఇలా బెట్ వేసిందని వాళ్లే సైన్స్ పత్రికలో రాశారు. ఎప్పుడు వేయాలో పట్టుకోవడమే అసలు విషయం. ఫ్లాప్ (మొదటి మూడు ముక్కలు) రాజు-7-6, టర్న్ (నాలుగోది) 2, రివర్ 5 అనుకోండి. బిగ్ బ్లైండ్‌లో (ముక్కలు చూడకముందే తప్పనిసరి బెట్ వేసే చోట) ఉండి కాల్ చేస్తూ వచ్చినవాడి దగ్గర 9-8, 8-4, 6-5 లాంటివి ఉండొచ్చు. బటన్ దగ్గర, అంటే చివర మాట్లాడేవాడి దగ్గర, అవి తక్కువ, రాజుల జతలు ఎక్కువ. ఆ 5 చూసి బటన్ భయపడి చెక్ చేస్తాడు. మీకు స్ట్రెయిట్ పడి, అతను వేస్తాడని ఎదురుచూస్తే ఏమీ రాదు. ఇక్కడ మీరే వేయాలి.

అపోహ: బలమైన హ్యాండ్ ఉంటే చెక్ చేసి, అతను వేశాక రెయిజ్ చేయాలి.

వాస్తవం: అతను వేస్తేనే కదా రెయిజ్. మధ్యరకం హ్యాండ్స్‌తో కాల్ చేస్తూ వచ్చినవాడు రివర్‌లో సంతోషంగా చెక్ చేస్తాడు. డ్రా తప్పినవాళ్లు ఎక్కువగా ఉండే బోర్డు మీద, బ్లఫ్ చేసే అలవాటున్నవాడి మీద మాత్రం చెక్ పనిచేస్తుంది.

అపోహ: పోకర్ నైపుణ్యం ఆట, కాబట్టి ఎక్కడైనా డబ్బు పెట్టి ఆడొచ్చు.

వాస్తవం: సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆటని సుప్రీంకోర్టు చెప్పింది 1967లో. అది రమ్మీ గురించి. తర్వాత చట్టాలు మారాయి. 2017లో తెలంగాణ, 2025లో దేశమంతటికీ కేంద్రం, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించాయి. మా బల్ల మీద చిప్స్‌కు డబ్బు విలువ లేదు. రివర్ మీద ఆలోచన నేర్చుకోవడానికి డబ్బు అక్కర్లేదని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: చిన్న బెట్ అంటే బలహీనత.

వాస్తవం: మీరు అలా చేస్తేనే అలా అవుతుంది. రాజు-10 లాంటి వాటితో మాత్రమే 300 వేస్తూ, మంచి హ్యాండ్ వచ్చినప్పుడల్లా 800 వేస్తే, ఎప్పుడూ మీతో ఆడేవాళ్లు త్వరలోనే పసిగడతారు. మీ 300 కనిపించగానే రెయిజ్ చేస్తారు. అందుకని మూడు తొమ్మిదులు ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడు అదే 300 వేయాలి. ఒక్కసారి ఆ రెయిజ్ మీద మీరు మళ్లీ రెయిజ్ చేసి మూడు తొమ్మిదులు చూపిస్తే, తర్వాత మీ రాజు-10తో వేసిన 300కి మర్యాదగా కాల్ మాత్రమే వస్తుంది.