తెల్లారితే పరీక్ష: ‘తే’ కనబడగానే ‘ఇఫ్’ పెట్టేవాళ్ళ కోసం

మొన్న శనివారం క్లాసులో ఓఈటీ (విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లీషు పరీక్ష) రోల్ ప్లే చేయిస్తున్నాను. నేను పేషెంటుని. ఎదురుగా ఐదేళ్ళు ఐసీయూలో చేసిన నర్సు, యూకే వెళ్ళే ప్రయత్నంలో ఉంది. కార్డులో ఉన్నది చిన్న పనే: ఆపరేషన్ అయిన మనిషికి ఇంటి దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్తలు చెప్పాలి. ఆ అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుని, చక్కగా నవ్వి, ‘ఇఫ్ యూ గో హోమ్, కీప్ ద వూండ్ డ్రై’ అంది.

నేను మంచం మీద మనిషిలాగే మొహం పెట్టి అడిగాను: ‘ఇఫ్ ఏంటి సిస్టర్? యామ్ ఐ నాట్ గోయింగ్ హోమ్?’

క్లాసంతా నవ్వారు. ఆ అమ్మాయికి మాత్రం ఏం తప్పయిందో అర్థం కాలేదు. గ్రామర్ చూస్తే తప్పేమీ లేదు మరి. ఇఫ్ తర్వాత సింపుల్ ప్రెజెంట్ పెట్టింది, విల్ జోలికి పోలేదు. ఏ బిట్ పేపర్లో అయినా మార్కు పడే వాక్యం. కానీ పేషెంటుకి వినబడేది ‘నువ్వు ఇంటికి వెళ్ళడమంటూ జరిగితే’ అని.

పధ్నాలుగేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను, అందులో సగం కాలం నర్సులకే. కండిషనల్స్, అంటే ఇఫ్ వాక్యాలు, అనగానే అందరి టెన్షనూ విల్ ఎక్కడ, వుడ్ ఎక్కడ అన్నదే. దెబ్బ తగిలేది మాత్రం వేరే చోట.

అపోహ: తెలుగులో ‘తే’ ఉంటే ఇంగ్లీషులో ఇఫ్ పెట్టాలి.

బళ్ళో తెలుగు మాస్టారు దీన్నే చేదర్థకం అని చెప్పారు. ‘వర్షాలు కురిస్తే పంటలు పండుతాయి.’ కురవొచ్చు, కురవకపోవచ్చు కాబట్టి అక్కడ ఇఫ్ సరిగ్గా సరిపోతుంది. ఆ ఒక్క ఉదాహరణతో తే అంటే ఇఫ్ అని మనసులో ముద్ర పడిపోయింది. ఇంట్లో మనం వాడే తే అంత సాదాసీదాది కాదు. ‘తెల్లారితే పరీక్ష’ అంటాం. తెల్లారుతుందో లేదో అని ఎవరికైనా అనుమానం ఉందా? ‘ఒకటో తారీఖు వస్తే అద్దె కట్టాలి’, ‘ఆరు దాటితే ఆఫీసు ఖాళీ.’ ఇవన్నీ జరిగి తీరేవే. మన తే అనుమానానికీ పనికొస్తుంది, సమయానికీ పనికొస్తుంది. ఎక్కడ ఏదో వినేవాళ్ళు సందర్భాన్ని బట్టి పట్టుకుంటారు. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు. జరుగుతుందో లేదో తెలియనిదైతే ఇఫ్, జరిగేదేనని తెలిస్తే వెన్. ఆ ఎంపిక మాట్లాడేవాళ్ళే చేయాలి.

దీనికి నేను క్లాసులో వాడే చిట్కా ఒకటుంది. వాక్యం ముందు ‘ఒకవేళ’ పెట్టి పైకి చదవండి. ‘ఒకవేళ జ్వరం వస్తే బెల్ నొక్కండి.’ బాగుంది, కాబట్టి ఇఫ్. ‘ఒకవేళ తెల్లారితే పరీక్ష.’ అశుభం! కాబట్టి వెన్. ‘ఒకవేళ మీరు ఇంటికెళ్తే కుట్లు తడవనివ్వకండి’ అని ఏ నర్సమ్మ అయినా తెలుగులో అంటుందా? పేషెంటు వాళ్ళావిడ అక్కడే ఏడుపు మొదలుపెడుతుంది.

నేనూ ఈ గోతిలో పడ్డదాన్నే. ఉద్యోగంలో చేరిన కొత్తలో బెంగళూరులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఇంటి ఓనరు రిటైరైన పెద్దాయన, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడేవారు. నెలాఖరున ఆయనకు మెసేజ్ పెట్టాను: ‘ఇఫ్ ఐ గెట్ మై శాలరీ, ఐ విల్ పే ద రెంట్.’ నా మనసులో ఉన్నది ‘జీతం వస్తే అద్దె కట్టేస్తానండీ’ అన్న మర్యాదైన మాట. మర్నాడు పొద్దున్నే ఆయన తలుపు కొట్టి, మీ కంపెనీ బాగానే ఉందా అమ్మా, జీతాలివ్వడం లేదా అని అడిగారు. పాపం, అడ్వాన్సులోంచి మినహాయించుకుంటాలే అని కూడా అన్నారు. ఆయన ఎందుకలా అడిగారో నాకు చాలా ఏళ్ళ దాకా తెలియలేదు, క్లాసులో ఇదే పాఠం చెబుతుండగా వెలిగింది.

ఓఈటీ స్పీకింగ్‌లో రెండు రోల్ ప్లేలు, ఒక్కోటి దాదాపు 5 నిమిషాలు. అందులో గ్రామర్ ఒక్కటే చూడరు. పేషెంటుతో ఎలా మెలిగారు, వాళ్ళ కంగారుని ఎలా అర్థం చేసుకున్నారు అన్నదానికి విడిగా మార్కులున్నాయి. ఇంటికెళ్ళబోయే మనిషికి ఇఫ్ చెప్పి కంగారు పెడితే ఏ గ్రామర్ పుస్తకం కాపాడుతుంది?

ఇక అందరూ భయపడే విల్ సంగతి. ‘రేపటి మాట కదా మేడమ్, రెండు వైపులా విల్ ఉండాలి కదా’ అంటారు. ‘వెన్ ద డాక్టర్ విల్ కమ్, ఐ విల్ టెల్ యూ.’ దీనికి మాతృభాష ప్రభావం అని పేరు పెట్టి తెలుగుని తిట్టేవాళ్ళంటే నాకు చిరాకు. తెలుగేం చేసింది? ‘డాక్టర్ గారు రాగానే చెప్తాను’ అంటాం. ‘రాగానే’లో భవిష్యత్తు ఎక్కడుంది? వచ్చాక, వచ్చేదాకా, వచ్చేముందు, వస్తే... వీటిలో దేనికీ కాలం లేదు, కాలమంతా చివరి క్రియ మోస్తుంది. ఇంగ్లీషు కూడా విల్‌ని ఆ చివరి క్రియకే ఇచ్చి, వెన్, యాజ్ సూన్ యాజ్, ఆఫ్టర్, అంటిల్, బిఫోర్, ఇఫ్ వైపు ప్రెజెంట్‌తో సరిపెట్టుకుంటుంది. అంతెందుకు, ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ రెంటికీ ఒకే ‘వస్తాను’ వాడే వాళ్ళం మనం. ప్రెజెంట్ రూపం రేపటికి పనికొస్తే మనకెందుకు వింత? ‘టుమారో అంటే విల్’ అని చిన్నప్పుడు బెత్తంతో బట్టీ పట్టించారు, అదీ జబ్బు.

అయితే వెన్ పక్కన విల్ కనబడితే చాలు తప్పని గీత కొట్టేవాళ్ళూ ఉన్నారు, అదీ సరికాదు. ‘ఐ డోంట్ నో వెన్ ద డాక్టర్ విల్ కమ్’ నూటికి నూరుపాళ్ళు ఒప్పు. తెలుగులో అనుకుని చూడండి: ‘ఎప్పుడొస్తారో తెలియదు.’ చివర ‘ఓ’ పలికింది. ఎప్పుడొస్తారో, వస్తారో రారో అని ఓ పలికితే అక్కడ విల్ పెట్టుకోవచ్చు. రాగానే, వచ్చాక, వస్తే అని పలికితే వద్దు. ఎర్రర్ స్పాటింగ్ బిట్లు చేసేవాళ్ళకి ఇదొక్కటి చెవిలో పడితే చాలు, సగం తలనొప్పి తగ్గుతుంది.

మిగతావి గబగబా. థర్డ్ కండిషనల్ (‘అలా చేసి ఉంటే’ అనే జరిగిపోయిన మాట) వాడకపోతే ఓఈటీలో బి గ్రేడ్ రాదని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది వట్టి పుకారు, అలాంటి రూలేమీ లేదు. పుకారు నమ్మి ఓ అమ్మాయి నెప్పి తగ్గిందా అని అడగాల్సిన చోట ‘ఇఫ్ యూ హాడ్ టేకెన్ ద టాబ్లెట్’ అని పేషెంటుని దెప్పింది! విల్ కంటే వుడ్ మర్యాద అనుకుని ‘ఐ వుడ్ జాయిన్ ఆన్ మండే’ అని మెయిల్ పెట్టకండి, అవతలివాళ్ళు ‘అయితే అడ్డేమిటి’ అనుకుంటారు. వుడ్ మన ‘వచ్చేదాన్ని’ లాంటిది. ‘చిన్నప్పుడు రోజూ వచ్చేదాన్ని’ అన్నా అదే, ‘కుదిరితే వచ్చేదాన్ని’ అన్నా అదే. అన్‌లెస్ తర్వాత నాట్ అక్కర్లేదు, ‘కడితే తప్ప’ అంటాం గానీ ‘కట్టకపోతే తప్ప’ అనం కదా. ఇఫ్ ముందొస్తే మధ్యలో కామా, వెనకొస్తే మామూలుగా ఉండదు.

ప్రాక్టీసుకి ఖాళీలు పూరించే పుస్తకాలు మరో రెండు కొనకండి. ఇంట్లో ఒక రోజంతా మీ నోటి నుంచి వచ్చిన తే వాక్యాలు రాసుకోండి, ఒక్కోదాని ముందు ఒకవేళ పెట్టి చూసి, ఇఫ్ఫో వెన్నో తేల్చి, పైకి పలకండి. మా క్లాసులో పోయిన వారం ఇదే హోంవర్కు. ఒకావిడ ‘మూడు విజిల్స్ వస్తే స్టవ్ కట్టెయ్’ అని రాసుకొచ్చింది. విజిల్ రాక ఎక్కడికి పోతుంది, వెన్ అని నేను బోర్డు మీద రాస్తున్నాను. ‘మా ఇంట్లో ఇఫ్ఫే మేడమ్, గ్యాస్ అయిపోవచ్చింది’ అంది ఆవిడ. బోర్డు తుడిచి ఇఫ్ రాశాను.