వదిలేసిన కుక్క ఎక్కడికి తిరిగి వెళ్లాలి?

పాలమూరు పల్లెల్లో ఒకప్పుడు కుక్కకు యజమాని లేకపోయినా వాడ ఉండేది. పొద్దున ఒకింట్లో రొట్టె ముక్క, మాపటికి ఇంకో ఇంట్లో మిగిలిన గట్క. రాత్రంతా అది వాడకు కాపలా. గొల్లకురుమల మంద వెంట నడిచే కుక్కకైతే కాపరితో సమానంగా పని ఉండేది. ఇళ్లకు తాళాలు వేసి జనం ముంబై, పుణె బాట పట్టిన వలస రోజుల్లో ఊళ్లో మిగిలింది ముసలివాళ్లూ కుక్కలూ. ఉన్నవాళ్లు తమ ముద్దలోంచే వాటికింత పెట్టారు.

ఇప్పుడు రోడ్డున పడుతున్న కుక్క కథ వేరు. అది డబ్బులిచ్చి కొని, పేరు పెట్టి, సోఫా మీద పడుకోబెట్టిన కుక్క. జబ్బు చేసిందనో, ఇల్లు మారుతున్నామనో, పిల్ల పుట్టిందనో ఒక రాత్రి కారులో తెచ్చి హైవే పక్కన దింపేస్తారు. జడ్చర్ల వైపో నార్కట్‌పల్లి వైపో దాబా దగ్గర ఆగినప్పుడు మెడకు పట్టీ ఉన్న కుక్క కనిపిస్తే గమనించండి, ఆగిన ప్రతి కారు దగ్గరికీ పరుగెత్తుతుంది. దానికి వీధిలో బతకడం తెలియదు. అక్కడి కుక్కలు రానివ్వవు. లారీల మధ్య రోడ్డు దాటడం రాదు.

ఇలా వదిలేయడం 1960 నుంచీ నేరమే. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం ఆ మాట స్పష్టంగా చెప్పింది. మొదటిసారి జరిమానా మాత్రం 10 నుంచి 50 రూపాయలు! కుక్కను కొన్న ధరలో అదెంత?

వీధి కుక్కల సంగతి చూడ్డానికి 2001లో ప్రత్యేక నియమాలు వచ్చాయి. పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. 2023లో వచ్చిన కొత్త నియమాల్లోనూ ఇదే పద్ధతి. వాడ ఉన్న కుక్కకు ఇది సరైన దారి. ఒక ప్రాంతంలో కుక్కల్ని తీసేస్తే ఆ ఖాళీలోకి ఆపరేషన్ కాని కొత్తవి వస్తాయి. కానీ హైవే మీద దొరికిన పెంపుడు కుక్కను 'పట్టుకున్న చోటే' వదిలితే? దెబ్బలు తిని మనిషి చెయ్యి లేస్తేనే వణికే కుక్కను అదే గల్లీలో వదిలితే?

ఈ ప్రశ్న తేలకముందే భయమూ కోపమూ పెరిగాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధి కుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. ఆ తల్లిదండ్రుల బాధను చిన్నది చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. సరిగ్గా ఏడాదికి, 2024 ఫిబ్రవరిలో, మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో రాత్రిపూట వచ్చిన వాళ్లు 20 కుక్కల్ని తుపాకీతో కాల్చి చంపారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. 22న దాన్ని సవరించింది. టీకా, ఆపరేషన్ అయ్యాక తిరిగి వదలొచ్చు, రేబిస్ ఉన్నవాటినీ దాడి చేసే స్వభావం ఉన్నవాటినీ తప్ప. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తీసిన కుక్కల్ని మళ్లీ అక్కడ వదలొద్దంది. అంటే కొన్ని కుక్కలు బతికినంత కాలం ఎక్కడో ఒక చోట ఉండక తప్పదు. ఆ చోటు ఎలా ఉండాలన్నదే ఇప్పుడు అసలు విషయం.

వరసగా బోన్లు కట్టి కుక్కినంత మాత్రాన అది ఇల్లు కాదు. ఇరుకులో పార్వో, డిస్టెంపర్ లాంటి కుక్కల అంటురోగాలు వేగంగా పాకుతాయి, కొట్లాటలు పెరుగుతాయి. కొత్తగా వచ్చినదాన్ని కొన్నాళ్లు విడిగా ఉంచాలి. మన ఎండలకు నీడ, నీళ్లు, మట్టి నేల కావాలి. కుక్క పదీ పన్నెండేళ్లు బతుకుతుంది కాబట్టి ఒక్కసారి వచ్చే విరాళంతో పని జరగదు, నెలనెలా డబ్బు రావాలి. అన్నిటికన్నా ముఖ్యం రోజూ అదే మనిషి, అదే వేళకు, అదే గిన్నెలో అన్నం పెట్టడం. భయపడిన కుక్క మొదట మూల వదలదు. మనిషి ఉండగా తినదు. కొన్నాళ్లకు గిన్నె దాకా వస్తుంది, ఇంకొన్నాళ్లకు చెయ్యి వాసన చూస్తుంది. కొన్ని ఎప్పటికీ దగ్గరికి రావు. వాటిని దత్తత తీసుకోవడానికి ఎవరూ ముందుకు రారు. శాశ్వత నివాసం ముందుగా కావాల్సింది వాటికే.