నీలం పొగ రాగానే ఇంజిన్ దించేయకండి

"అన్నా, పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తోంది. బోర్ పోయిందంట, ఎంతవుతది?" మా షెడ్డుకు వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. ఎవరో ఏదో అన్నారని వేలకు వేలు పోసేస్తున్నారు. చూస్తుంటే బాధేస్తుంది.

అపోహ: నీలం పొగంటే బోర్ (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ), రింగులు (పిస్టన్ చుట్టూ ఉండేవి) పోయినట్టే.

వాస్తవం: ముందు పొగ ఎప్పుడొస్తుందో చూడండి. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చి కాసేపట్లో పోతే, మొదటి అనుమానం వాల్వ్ సీల్స్ మీదే, అంటే వాల్వ్ కాడ చుట్టూ ఉండి ఆయిల్‌ని కిందికి దిగకుండా ఆపే రబ్బరు ముక్కల మీదే. హెడ్‌లో (ఇంజిన్ పైభాగం) మిగిలిన ఆయిల్ గైడ్ల (వాల్వ్ కాడ ఆడే గొట్టాలు) గుండా మెల్లగా కిందికి కారి, పొద్దున కాలుతుంది. పెట్రోల్ బండి దిగుడులో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కగానే పొగ వస్తే అదీ ఎక్కువగా సీల్స్ వల్లే, ఇన్‌టేక్‌లో వాక్యూమ్ పెరిగి ఆయిల్‌ని లాగేస్తుంది. లోడ్ మీద ఆగకుండా వస్తే అప్పుడు రింగుల సంగతి చూడాలి. కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఒత్తిడి సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష) చేయకుండా ఇంజిన్ దించడానికి ఒప్పుకోవద్దు.

నాచారం నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చారు. ఇంకోచోట ఇంజిన్ మొత్తం విప్పాలన్నారట, కారు అమ్మేయాలా అని ఒకటే టెన్షన్. చూస్తే నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ సమానంగా, ఉండాల్సినంత ఉంది. హెడ్ కూడా దించలేదు. ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కించి, వాల్వ్ కిందికి పడకుండా ఆపి, స్ప్రింగ్ తీసి సీల్స్ మార్చాం. పాత సీల్‌ని గోటితో నొక్కితే పుటుక్కున విరిగింది. వేడికి రబ్బరు అలా గట్టిపడిపోతుంది. అయితే గైడ్ కూడా అరిగి వాల్వ్ అటూ ఇటూ ఊగుతుంటే కొత్త సీల్ ఎన్నాళ్లో నిలవదు. ఎగ్జాస్ట్ గైడ్ అరిగితే కాలిన గ్యాస్ పైకి వచ్చి ఆయిల్‌నీ త్వరగా పాడుచేస్తుంది.

అపోహ: సీల్ ఒక్క చుక్క కూడా దిగనివ్వకూడదు.

వాస్తవం: 3000 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు, ఒక్కో వాల్వ్ నిమిషానికి 1500 సార్లు తెరుచుకుంటుంది. సన్నటి ఆయిల్ పొర లేకపోతే గైడ్‌లో పట్టేస్తుంది.

అపోహ: చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుంది.

వాస్తవం: గట్టిపడిన సీల్ దాంతో మెత్తబడదు. 5డబ్ల్యూ-30 ఆయిల్ పోయాల్సిన ఇంజిన్‌లో అంతకంటే చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే పొద్దున పూట క్యామ్ (వాల్వ్‌లను తెరిచే షాఫ్ట్) దగ్గరికి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది, అరుగుదల పెరుగుతుంది.

ఆయిల్ నల్లబడితే పాడైనట్టు కాదు, డీజిల్‌లో అయితే మార్చిన కొద్దిరోజులకే నల్లబడుతుంది. కిలోమీటర్లొక్కటే లెక్క కాదు, అమీర్‌పేట సిగ్నళ్ల దగ్గర ఆగి నడిచిన గంటలూ ఆయిల్ వయసులోకే వస్తాయి.

పొగ వచ్చే బండికి మాత్రం వారానికోసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, సమతలం మీద నిలబెట్టి డిప్‌స్టిక్ చూడండి. ఎర్ర లైట్ వెలిగాక చూద్దామనుకోవద్దు. చాలా కార్లలో అది లెవెల్ చెప్పదు, ప్రెషర్ పడిపోయాకే వెలుగుతుంది. వెలిగిందంటే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి.