పిల్లల టోపీకి పూసలు కుట్టకండి: మెషీన్ అల్లికపై అపోహలు, వాస్తవాలు

గత వారం అచ్చంపేటలోని మా ఇంటికి మరో సంచి వచ్చింది. అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటల (గూడేల) పిల్లలకూ, ఆసుపత్రిలో పుట్టే పసికందులకూ ఏటా దీపావళి నుంచి సంక్రాంతి దాకా మేము మెషీన్ మీద ఊలు టోపీలు అల్లి ఇస్తాం. తెలిసినవాళ్ళు తాము అల్లినవీ పంపుతారు. ఈసారి 43 వచ్చాయి. వాటిలో 31 టోపీలకు నెత్తిన ఊలు బంతి, చెవుల దగ్గర పూసలు ఉన్నాయి. ఒకదానికి కళ్ళుగా రెండు నల్ల గుండీలు కుట్టారు. ఆ ఓపిక చూస్తే చేతులు రాలేదు. అయినా కత్తెర తీశాను.

అపోహ: అలంకారమంటే పైన కుట్టేది.

ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ ఇదే. మూడేళ్ళ లోపు పిల్లలకు చేతికందినదల్లా నోట్లోకే పోతుంది. గుండీని ఎంత గట్టిగా కుట్టినా నాలుగు ఉతుకులకు దారం సడలుతుంది. ఆక్రిలిక్ దారం నున్నన, ముడి జారుతుంది. ఇక ఊలు బంతి అంటే, నడుమ ఒక్క దారంతో బిగించిన పోగుల కట్ట. ఒక్క పోగు ఊడితే చాలు, పక్కవి వదులై రాలడం మొదలవుతుంది. గడ్డం కింద కట్టుకునే తాళ్ళు మరీ ప్రమాదం, మెడకు బిగుస్తాయి.

ఇది నేను విన్న మాట కాదు. నేను అల్లిన టోపీనే మా చెల్లెలి మనవడికి పెట్టాం, పది నెలలవాడు. వంటింట్లో ఉండగా దగ్గు వినిపించింది. వచ్చి చూస్తే టోపీ చేతిలో ఉంది, బంతి సగమే ఉంది. నోరు తెరిస్తే నాలుక మీద తడిసి ముద్దయిన ఎర్ర ఊలు కనిపించింది. కనబడుతోంది కాబట్టి వేలితో తీయగలిగాను. లోపలికి జారి ఉంటే? ఆ రోజు నుంచి నా టోపీకి బంతి లేదు.

అందం అల్లికలోనే రావాలి. పుట్టపాక, పోచంపల్లి నేతగాళ్ళు డిజైన్‌ను బట్ట మీద అతికించరు, నూలుకే రంగులద్ది మగ్గమెక్కిస్తారు. మనకూ పంచ్ కార్డు ఉంది, ఏ సూది ఏ రంగు అల్లాలో చెప్పే చిల్లుల అట్ట. 24 కుట్ల డిజైన్ దానంతట అదే తిరిగి వస్తూ ఉంటుంది. చారలు, చిన్న పూలు, చుక్కలు వేయండి. అయితే రెండు రంగుల అల్లికలో వాడని దారం వెనక వేలాడుతుంది. అది నాలుగైదు కుట్లకు మించి సాగితే పిల్లల వేళ్ళు చిక్కుకుంటాయి. మోటిఫ్ చిన్నదిగా ఎంచుకోండి, లేదా లోపల మెత్తని నూలు బట్ట వేయండి.

అపోహ: మెషీన్ మీద కొలిస్తే చాలు.

చాలదు. సూదికీ సూదికీ మధ్య 4.5 మిల్లీమీటర్లుండే మెషీన్‌లో 100 సూదుల మీద బట్ట 45 సెంటీమీటర్లు కనిపిస్తుంది. మెషీన్ నుంచి దిగాక, నేను పెట్టుకునే దారం బిగువుకు, అంటే నా టెన్షన్‌కు 33 వస్తుంది. ముక్క అల్లి, ఉతికి, ఆరాకే కొలవండి. ఏడాది బిడ్డ తల చుట్టుకొలత సుమారు 46 సెంటీమీటర్లు. టోపీ 40 ఉంటే సాగి పడుతుంది. సెంటీమీటరుకు మూడు కుట్ల లెక్కన 120 కుట్లు, అంటే పంచ్ కార్డు డిజైన్ సరిగ్గా అయిదుసార్లు. కుట్టు అతుకుకు రెండు కలుపుకోండి.

అపోహ: గొర్రె ఉన్నే మేలు, ఆక్రిలిక్ నాసిరకం.

మన గొంగడి ఉన్ని గొప్పదే, కానీ పసి నుదుటికి గరుకు. ఆక్రిలిక్ మెత్తన, ఉతికినా ముడుచుకోదు. కానీ మంట దగ్గర కరిగి చర్మానికి అంటుకుంటుంది. చలిమంట చుట్టూ కూర్చునే పిల్లలకు నేను మెత్తని ఉన్నితోనో నూలుతోనో అల్లుతాను.

అపోహ: మీట నొక్కితే టోపీ వస్తుంది.

సూదుల మీద అటూ ఇటూ జరిగే క్యారేజీని చేత్తోనే తోయాలి. నెత్తి ముడవడం, అతుకు కుట్టడం, దారం కొనలు దాచడం అల్లిక కంటే ఎక్కువసేపు పడతాయి.

టోపీ తీస్తే జలుబు చేస్తుందేమోనని భయపడే తల్లులను నేను తప్పుపట్టను, ఆ భయం ప్రేమలోంచి వచ్చిందే. కానీ నెలలు నిండి పుట్టి, ఆరోగ్యంగా ఇంటికొచ్చిన బిడ్డకు ఇంట్లో నిద్రలో టోపీ వద్దు. పసివాళ్ళ ఒంట్లో ఎక్కువైన వేడి తల గుండా కూడా బయటికి పోవాలి. తక్కువ బరువుతో పుట్టినవాళ్ళ సంగతి వేరు, డాక్టరు చెప్పినన్నాళ్ళు ఉంచండి.

ఈ ఏడు పంపేవాళ్ళు టోపీని లోపలివైపు బయటికి తిప్పి పంపండి. నేను మొదట చూసేది ఆ వైపే.