ఫెయిర్‌వ్యూ శిఖరం: 120 అడుగుల వెనుక పాతికేళ్ల కథ

టెక్సస్‌లోని ఫెయిర్‌వ్యూ పట్టణ మండలి 2025 ఏప్రిల్ 29న మోర్మన్ ఆలయానికి 5-2 ఓట్లతో అనుమతి ఇచ్చింది. అంతటితో చల్లారాల్సిన గొడవ మళ్లీ రాజుకుంది. తొమ్మిది నెలలైనా కాకముందు, 2024 ఆగస్టు 6న, ఇదే మండలి అదే స్థలంలో ఆలయాన్ని ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. అప్పుడు కాదన్నవారు ఇప్పుడు ఎందుకు ఔనన్నారన్నది ఊరి ప్రశ్న. శిఖరం పొడవు తగ్గింది కాబట్టి ఒప్పుకున్నారన్నది పైకి వినిపించే జవాబు. అసలు జవాబు కోసం పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

మోర్మన్ మతం పుట్టుక, యూటా వలస, బహుభార్యత్వం మీద పాత రగడ ఎక్కడైనా దొరికే విషయాలే, ఇక్కడ వాటి అవసరం లేదు. ఒక్కటి మాత్రం తెలిసి ఉండాలి. ‘యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం’ అన్నది వీరి అధికారిక నామం. ఆదివారం ప్రార్థనలు ఊరూరా ఉండే మందిరాల్లో జరుగుతాయి, వాటిలోకి ఎవరైనా వెళ్లవచ్చు. ఆలయం సంగతి వేరు. దంపతులను శాశ్వతంగా కలిపే ‘వివాహ ముద్రణ’, చనిపోయిన పూర్వీకుల తరఫున బాప్తిస్మం వంటి కర్మలకే అది పరిమితం. ప్రతిష్ఠ అయ్యాక సంఘం అనుమతి పత్రం ఉన్న సభ్యులకు తప్ప ప్రవేశం లేదు. ఆదివారం మూసి ఉంటుంది. అంటే ఆలయం పక్కన ఇల్లున్నవాడికి దానితో మిగిలే సంబంధం దాన్ని చూడటం ఒక్కటే. కాబట్టే ఈ గొడవలన్నీ ఎత్తు చుట్టూ, రాత్రి దీపాల చుట్టూ తిరుగుతాయి.

ఫెయిర్‌వ్యూ డాలస్‌కు ఉత్తరాన, కాలిన్ కౌంటీలో, పదివేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. స్టేసీ రోడ్డు మీద సంఘం ఎంచుకున్న స్థలం నివాస మండలంలో, అంటే ఇళ్లకు కేటాయించిన జోన్‌లో ఉంది. ఎకరానికో ఇల్లు, ఎత్తు 35 అడుగులు దాటకూడదు అన్నది అక్కడి నిబంధన. విశాలమైన స్థలాలు, చీకటి రాత్రులు కోరుకునే అక్కడ ఇల్లు కొనుక్కున్నామని నివాసులు చెబుతూ వచ్చారు. సంఘం తెచ్చిన మొదటి ప్రణాళికలో రెండంతస్తుల భవనం సుమారు 44 వేల చదరపు అడుగులు, శిఖరం దాదాపు 174 అడుగులు. పక్కనే సంఘానికి అప్పటికే ఒక ప్రార్థనా మందిరం ఉంది, దాని శిఖరం 68 అడుగులు. దానిమీద ఎవరూ గొడవ పడలేదు. ఆలయం వద్దని కాదు, ఆ ఎత్తుకు దిగివస్తే చాలునని నివాసులు పదే పదే అన్నారు. ఈ ఒక్క వాక్యాన్ని పక్కన పెట్టేసి ఫెయిర్‌వ్యూను మతద్వేషపు ఊరిగా చిత్రించిన వ్యాఖ్యలు చాలానే వచ్చాయి.

సంఘం వైపు ఒక గట్టి వాదన ఉంది. 2006లో ఇదే పట్టణం ఒక మెథడిస్టు చర్చికి 154 అడుగుల గంటస్తంభం కట్టుకోవడానికి అనుమతిచ్చింది. ఆ స్తంభం ఎన్నడూ కట్టలేదు, కానీ అనుమతి పత్రం పట్టణ రికార్డుల్లో ఉంది. ఒకరికి సరేనన్నది మాకెందుకు కాదన్నారు అన్న ప్రశ్నకు పట్టణం దగ్గర తడబాటు లేని సమాధానం లేదు.

ఇక మలుపు దగ్గరికి వద్దాం. అది టెక్సస్‌లో కాదు, మసాచుసెట్స్‌లో, బోస్టన్ పక్కన ఉన్న బెల్మాంట్‌లో జరిగింది. ఇదే సంఘానికి చెందిన రాజకీయ నాయకుడు మిట్ రామ్నీ నివసించిన ఊరు అది. అక్కడి కొండమీద ఆలయానికి 1990ల మధ్యలో ప్రణాళిక వేశారు. అభ్యంతరాల మధ్య భవనం కుదించుకుపోయి, చివరికి 139 అడుగుల ఒకే ఒక్క శిఖరం మిగిలింది. పట్టణ అప్పీళ్ల బోర్డు దానికి ప్రత్యేక అనుమతి ఇచ్చింది. ఇరుగుపొరుగువారు కోర్టుకెక్కారు. 2000 ఆరంభంలో కింది కోర్టు న్యాయమూర్తి ఆ అనుమతిని కొట్టేశారు. హవాయీలోని లాయె, కెనడాలోని కార్డ్‌స్టన్, అరిజోనాలోని మీసా ఆలయాలకు శిఖరాలు లేవు. శిఖరం లేకుండా ఈ మతంలో ఆలయం సాధ్యమే అయినప్పుడు, దానికోసం పట్టణ నిబంధన ఎందుకు వంగాలి? సామాన్యుడికి అర్థమయ్యే తర్కం ఇది. 2000 అక్టోబరు 1న బెల్మాంట్ ఆలయాన్ని శిఖరం లేకుండానే ప్రతిష్ఠించారు. శిఖరం లేదని ఆరాధన ఆగలేదు.

2001 మేలో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ఈ తర్కాన్ని తలకిందులు చేసింది. తీర్పు రాసినవారు ప్రధాన న్యాయమూర్తి మార్గరెట్ మార్షల్. ఒక మతానికి ఫలానా నిర్మాణ భాగం అవసరమా కాదా అని తేల్చడం న్యాయమూర్తుల పని కాదన్నారు. ఆ సెప్టెంబరులో శిఖరం లేచింది, దానిమీద ఈ మతస్తులు నమ్మే మొరోనై దేవదూత బంగారు వన్నె విగ్రహం నిలిచింది.

ఆ తీర్పు మసాచుసెట్స్‌కే వర్తిస్తుంది. మత, విద్యా సంస్థల కట్టడాలను మండల (జోనింగ్) నిబంధనలు అడ్డుకోకుండా ఆ రాష్ట్రంలో 1950 నాటి డోవర్ సవరణ ఒకటి ఉంది, కేసు దానికింద నడిచింది. కానీ అదే కాలంలో వాషింగ్టన్ అదే పనిని దేశమంతటికీ చేసిపెట్టింది. దాని మూలం మళ్లీ టెక్సస్‌లోనే, ఇంకో కట్టడం గొడవలోనే ఉంది. బర్నీ అనే ఊళ్లో కేథలిక్ చర్చిని పెద్దది చేసుకోవడానికి చారిత్రక మండలం అడ్డొచ్చింది. ఆ కేసులో 1997లో అమెరికా సుప్రీంకోర్టు 1993 నాటి మతస్వేచ్ఛ చట్టం రాష్ట్రాలకు వర్తించదని తేల్చింది. దానికి బదులుగా కాంగ్రెస్ కొత్త చట్టం తెచ్చింది. యూటా సెనేటర్ ఆరిన్ హ్యాచ్, మసాచుసెట్స్ సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ కలిసి ముందుండి నడిపించారు. 2000 సెప్టెంబరు 22న, బెల్మాంట్ ప్రతిష్ఠకు తొమ్మిది రోజుల ముందు, క్లింటన్ సంతకం చేశారు. మత సంస్థల భూవినియోగానికీ ఖైదీల మతహక్కులకూ సంబంధించిన చట్టం ఇది.

ఈ చట్టంలో రెండు అంశాలు ఫెయిర్‌వ్యూ కథను నడిపించాయి. ఒకటి నిర్వచనం. ఒక ఆచారం మతానికి కేంద్రమైనదా, తప్పనిసరా అన్నదానితో నిమిత్తం లేకుండా అది మతాచరణే. ఆరాధన కోసం కట్టడమూ మతాచరణే. లాయె, మీసాలను చూపించి వాదించే దారి దీంతో ఇరుకైపోయింది. రెండోది డబ్బు. పట్టణం ఓడితే సంఘం లాయర్ల ఖర్చు కూడా పట్టణమే కట్టాల్సి రావచ్చు. గెలిస్తే సాధారణంగా తన ఖర్చు తనదే. ప్రపంచవ్యాప్త నిధులున్న సంఘం ఒకవైపు, పదివేల మంది పన్నులు ఇంకోవైపు. 2025 ఆరంభంలో దావా నోటీసు వచ్చినప్పటి నుంచీ ఫెయిర్‌వ్యూలో చర్చ మండల నిబంధనల మీద కాక ఖజానా మీద నడిచింది. 2024 నవంబరు మధ్యవర్తిత్వంలో కుదిరిన 120 అడుగులు, సుమారు 30 వేల చదరపు అడుగులు, ఒకే అంతస్తు అన్న లెక్కే చివరికి ఆమోదం పొందింది.

నిజానికి పట్టణం గెలవగలిగిన ప్రశ్న ఒకటుంది. మతాచరణకు ‘గణనీయమైన భారం’ పడిందని ముందు సంఘం నిరూపించాలి. 68 అడుగుల శిఖరం కింద ఆరాధించగలవారికి 120 అడుగులు లేకపోవడం అంత భారమా? ఫెయిర్‌వ్యూలో ఏ న్యాయమూర్తీ ఇది తేల్చే దాకా రాలేదు. ఇదే సంఘం ఫీనిక్స్‌లో నివాసుల సంతకాల సేకరణ తర్వాత భవనాన్ని ఒకే అంతస్తుకు తగ్గించుకుంది. లాస్ వేగాస్ లోన్ మౌంటెన్‌లో దాదాపు 200 అడుగుల శిఖరానికి 2024 జులైలో అనుమతి తెచ్చుకుంది. ఎత్తు దైవనిర్ణయమైతే ఊరూరికీ ఇన్ని తేడాలు ఎందుకని ఫెయిర్‌వ్యూ వాసులు అడిగింది ఇందుకే. శిఖరం స్వర్గం వైపు చూపుతుందనీ, ప్రతి ఆలయ రూపం సంఘం నాయకత్వం నిర్ణయించేదనీ సంఘం సమాధానం.

2018లో సంఘం అధ్యక్షుడైన రసెల్ నెల్సన్ 200 ఆలయాలు ప్రకటించడంతో ఇలాంటి ఊళ్లు పెరిగాయి. వాటిలో బెంగళూరు కూడా ఉంది, భారత్‌లో అది మొదటిది. ఫెయిర్‌వ్యూ ఆలయాన్ని మొదట ప్రాస్పర్ పేరుతో ప్రకటించారు. తర్వాత ఆ పేరు మార్చారు. నేల మాత్రం ఫెయిర్‌వ్యూదే.

ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ఆలెన్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ గొడవలో ఒక వైపు నిలబడటం తేలిక కాదు. ఫెయిర్‌వ్యూ మండలి ఆలయాన్ని తిరస్కరించిన నెలలోనే హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌లో చినజీయర్ స్వామి సమక్షంలో 90 అడుగుల హనుమంతుడి విగ్రహానికి ప్రతిష్ఠ జరిగింది. రేపు ఏ ఊరైనా రాజగోపురం ఎత్తు మీద పేచీ పెడితే మన ఆలయ కమిటీలు ఆశ్రయించేది 2000 నాటి ఆ చట్టాన్నే. పక్కింటివాడి చీకటి రాత్రి గురించి మాట్లాడేటప్పుడు గొంతు కాస్త తగ్గడం సహజం.

ఇక నివాసులకు మిగిలిన దారి పక్కదారే. వ్యోమింగ్‌లోని కోడీలో 30 అడుగుల పరిమితి ఉన్నచోట 101 అడుగుల ఆలయంపై ఇరుగుపొరుగు వేసిన కేసు మత చట్టం మీద కాదు, ప్రణాళికా బోర్డు అనుమతి ఇచ్చిన తీరు మీద నడిచింది. యూటాలోని హీబర్ లోయలోనూ అంతే. రాత్రి దీపాల నిబంధనను కౌంటీ ఎలా సవరించింది, ఆలయానికి అనుమతి ఏ పద్ధతిలో ఇచ్చింది అన్న ప్రశ్నలు కోర్టుకెక్కాయి. కోడీలో 2024 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగిపోయింది.