సైకాలజీ డిగ్రీ పిల్లలకు: రీసెర్చ్ అనుభవం, కెరీర్ మీద అపోహలు - వాస్తవాలు

"సార్, పదిహేను రోజుల ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ ఉందట. పైసలు కడితే రీసెర్చ్ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తరట. అది పెడితే పీజీల సీటొస్తదా?"

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, నాగర్‌కర్నూల్... ఎక్కడి పిల్లలైనా ఫైనల్ ఇయర్‌కు రాగానే ఇదే అడుగుతున్నారు. వాళ్ళ తప్పేం లేదు. చాలామంది ఇళ్ళలో సైకాలజీ చదివిన మొదటి మనిషి వాళ్ళే. అడిగి తెలుసుకోవడానికి ముందు నడిచిన అన్న లేడు, అక్క లేదు. వాట్సాప్‌లో తిరిగే పోస్టర్లే దిక్కు. ఆ బెంగను అమ్ముకునే వాళ్ళ మీదే నాకు కోపం.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే రీసెర్చ్ అనుభవం ఉన్నట్టే. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఉత్త ఫార్మాలిటీ.

ముందు సీటు సంగతి. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీ సీటు సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష ర్యాంకును బట్టి వస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్లకు దేశమంతటికీ కలిపి పెట్టే సీయూఈటీ-పీజీ పరీక్ష రాయాలి. ర్యాంకు తెచ్చుకోవాల్సిన చోట మీ ఇంటర్న్‌షిప్ కాగితానికి విలువ లేదు. అనుభవాన్ని అడిగేది ఆ తర్వాత: ప్రాజెక్ట్ అసిస్టెంట్ ఉద్యోగానికి, క్లినికల్ కోర్సు ఇంటర్వ్యూకు, పీహెచ్‌డీకి వెళ్ళినప్పుడు. అక్కడ కాగితం చూడరు, ప్రశ్నలు వేస్తారు. శాంపిల్ ఎంత, అంతే ఎందుకు? ఆ స్కేలే (కొలిచే ప్రశ్నల ఫారం) ఎందుకు తీసుకున్నారు? రివర్స్ ఐటమ్స్ (తిరగేసి అడిగిన ప్రశ్నలు) ఏం చేశారు? ఎన్ని ఫారాలు పక్కన పెట్టారు? సొంతంగా చేసిన వాళ్ళు తడుముకోకుండా చెప్తారు. బైండింగ్‌తో సహా ప్రాజెక్ట్ కొని, పేరు మార్చి ఇచ్చిన వాళ్ళు రెండో ప్రశ్నకే ఆగిపోతారు.

ఈ అపోహ వల్ల పోయేది డబ్బు ఒక్కటే కాదు. డిగ్రీ మొత్తంలో ఒక లెక్చరర్ మీ వెనక నిలబడి నేర్పించే ఒకే ఒక్క అధ్యయనం ఆ ప్రాజెక్ట్. దాన్ని కొనుక్కుంటే మళ్ళీ ఆ అవకాశం పీజీ రెండో ఏడు దాకా రాదు. అందుకే అది సొంతంగా ఎట్లా చేయాలో కొంచెం వివరంగా చెప్తాను.

ముందుగా ప్రశ్న చిన్నగా ఉండాలి. "యువతపై సెల్‌ఫోన్ ప్రభావం" అనేది ప్రాజెక్ట్ కాదు, ఉపన్యాసం. "డిగ్రీ విద్యార్థుల్లో నిద్ర గంటలకూ, ఒత్తిడికీ సంబంధం ఉందా?" అనేది ప్రశ్న. "ప్రభావం" అని టైటిల్ పెట్టారంటే కారణం, ఫలితం నిరూపిస్తామని మాట ఇచ్చినట్టు. ఒక్కసారి ఫారాలు నింపించి ఆ మాట నిలబెట్టుకోలేరు. ఒత్తిడి వల్ల నిద్ర తగ్గిందో, నిద్ర లేక ఒత్తిడి పెరిగిందో, పరీక్షల వల్ల రెండూ వచ్చాయో ఆ ఫారం చెప్పదు. "సంబంధం" అని రాయండి.

మన దగ్గర ప్రశ్నలకు కరువు లేదు. తల్లిదండ్రులు వలస పోతే అవ్వ, తాతల దగ్గర పెరిగి డిగ్రీకి వచ్చిన పాలమూరు పిల్లలు ఉన్నారు. ఫ్లోరోసిస్ ఉన్న మనిషిని ఇంట్లో చూసుకుంటున్న మునుగోడు వైపు కుటుంబాలు ఉన్నాయి. రోజూ బస్సులో దేవరకొండ నుంచి వచ్చిపోయేవాళ్ళకూ, హాస్టల్లో ఉండేవాళ్ళకూ తేడా చూడొచ్చు. మొదటి ప్రాజెక్ట్‌కు మాత్రం పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళనే తీసుకోండి. గురుకులం పిల్లల మీద చేయాలంటే పై ఆఫీసు అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి, దాని మీద పిల్లల ఒప్పుకోలు కావాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళయితే నోటిమాటగా, ఆపైన పద్దెనిమిది దాకా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒక సెమిస్టర్‌లో ఇవన్నీ తెమలవు.

శాంపిల్ "ఓ వంద" అని గాలిలో రాయకండి. జీపవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లెక్క కట్టి చెప్తుంది. మధ్యస్థమైన సంబంధం, అంటే కోరిలేషన్ 0.3 ఉంటే, 80 శాతం పవర్‌తో (ఉన్న సంబంధం నూటికి ఎనభై సార్లు దొరికేలా), 0.05 స్థాయిలో (లేనిదాన్ని ఉందని పొరబడే అవకాశం 5 శాతం మించకుండా) దాన్ని పట్టుకోవడానికి 84 మంది కావాలి. రెండు గుంపుల మధ్య మధ్యస్థమైన తేడా (డీ విలువ 0.5) చూడాలంటే గుంపుకు 64 మంది, మొత్తం 128. కొన్ని ఫారాలు చెడిపోతాయి కాబట్టి 84 కావాలంటే వంద పంచండి. ముప్పై ముప్పై మందిని పోల్చి "తేడా లేదు" అని రాసిన ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. తేడా లేదని వాటిలో తేలలేదు, ఉన్నా కనబడేంత మంది లేరు.

స్కేలు మీరే తయారు చేయొద్దు. ఒత్తిడికి పది ప్రశ్నల పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేలు, ఆత్మగౌరవానికి రోజెన్‌బర్గ్ స్కేలు ఉన్నాయి. తెలుగు చేయాలంటే ఒకరు తెలుగులోకి, ఇంగ్లిష్ ఫారం చూడని ఇంకొకరు తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి. రెండు ఇంగ్లిష్‌లూ పక్కపక్కన పెట్టి చూడాలి. తర్వాత ఎనిమిది, పది మంది చేత నింపించి, ఒక్కో ప్రశ్నకు "నీకేం అర్థమైంది?" అని అడగాలి. ఈ మెట్టు దాటేసిన ఫారంలో ఎవరికి తోచింది వాళ్ళు నింపుతారు.

ఫారాలు ఎప్పుడు ఇస్తారన్నదీ ముఖ్యమే. ఆ ఒత్తిడి స్కేలు గత నెల రోజుల గురించి అడుగుతుంది. సగం ఫారాలు సెమిస్టర్ పరీక్షల ముందు, సగం సెలవుల తర్వాత తీసుకుంటే మీరు కొలిచింది పరీక్షల టైంటేబుల్‌ను. ఒకే వారంలో ముగించండి. క్లాసులో ఇస్తే లెక్చరర్‌ను, హాస్టల్లో ఇస్తే వార్డెన్‌ను కాసేపు బయట ఉండమని మర్యాదగా అడగండి. పేరు, హాల్‌టికెట్ నంబర్ వద్దు, కోడ్ నంబర్ చాలు. మడిచి డబ్బాలో వేయమనండి. వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం పడేస్తే మీ దోస్తులే నింపుతారు, కొందరు రెండుసార్లు నింపుతారు.

ఇక అందరూ బోల్తా పడేది డేటా షీట్ దగ్గర. ఎక్సెల్‌లో ఒక మనిషికి ఒక అడ్డు వరుస, ఒక ప్రశ్నకు ఒక నిలువు వరుస. ఒత్తిడి స్కేల్లో 4, 5, 7, 8 ప్రశ్నలు తిరగేసి అడిగినవి, అంటే వీటిలో ఎక్కువ మార్కు తక్కువ ఒత్తిడికి గుర్తు. జవాబులు 0 నుంచి 4 దాకా ఉంటాయి కాబట్టి ఈ నాలుగింటికీ 4 లోంచి వచ్చిన మార్కును తీసేయాలి: 3 వస్తే 1, 0 వస్తే 4. తిరగేయకుండా కూడితే బాగా ఒత్తిడిలో ఉన్న పిల్లా, హాయిగా ఉన్న పిల్లా దాదాపు ఒకే మొత్తం దగ్గర కనబడతారు. రోజెన్‌బర్గ్‌లో తిరగేయాల్సినవి 2, 5, 6, 8, 9. అక్కడ 1 నుంచి 4 వేసుకుంటే 5 లోంచి తీసేయాలి. క్రాన్‌బాక్ ఆల్ఫా (స్కేల్లోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె) 0.7 దగ్గర రావాల్సింది 0.2 వచ్చినా, మైనస్‌లోకి పోయినా స్కేలును తిట్టకముందు ఈ ప్రశ్నలు చూడండి. ఎక్కువసార్లు తప్పు ఇక్కడే దొరుకుతుంది.

ఖాళీ వదిలిన జవాబుకు సున్నా కొట్టొద్దు, ఖాళీగానే వదలండి. ప్రతి నిలువు వరుసకూ కనిష్ఠం, గరిష్ఠం చూడండి. 19 ఏళ్ళకు బదులు 91, మూడుకు బదులు 33 అక్కడే బయటపడతాయి. పదికి పదీ ఒకే అంకె టిక్ చేసిన ఫారంలో, తిరగేసిన ప్రశ్నలక్కూడా అదే అంకె ఉందంటే చదవకుండా కొట్టినట్టు. అట్లాంటివి ఎన్ని తీసేశారో రిపోర్ట్‌లో రాయండి. విశ్లేషణకు జాస్ప్, జమోవి రెండూ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. పైరసీ ఎస్‌పీఎస్‌ఎస్ కోసం తిరగాల్సిన పని లేదు.

అపోహ: పీ వాల్యూ 0.05 కంటే ఎక్కువొస్తే ప్రాజెక్ట్ ఫెయిల్.

నిజంగా సంబంధం లేకపోయినా ఇట్లాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంతో పీ వాల్యూ చెప్తుంది. అది 0.05 దాటుతుందన్న భయంతోనే పిల్లలు అంకెలు మారుస్తారు. మార్చొద్దు. సంబంధం కనబడలేదన్నదీ ఫలితమే. కోరిలేషన్ ఎంతొచ్చిందో, ఎంతమంది మీద వచ్చిందో ఉన్నది ఉన్నట్టు రాసి, ఎందుకై ఉంటుందో చర్చించండి. మార్కులు వేసే మనిషి పద్ధతి చూస్తారు. దిద్దిన డేటా దొరికిపోతుంది కూడా. నిజం మనుషుల దగ్గర తెచ్చిన షీట్‌లో ఖాళీలుంటాయి, వింత జవాబులుంటాయి. ఇంట్లో కూర్చుని నింపినదాంట్లో ఒక్క ఖాళీ ఉండదు.

అపోహ: డిప్రెషన్ మీద చేస్తేనే ప్రాజెక్ట్‌కు బరువు.

డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 ఉచితంగా దొరుకుతుంది కదా అని అందరూ దాని మీద పడుతున్నారు. దాంట్లో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. పేరు లేని ఫారంలో ఒక పిల్ల అక్కడ "దాదాపు రోజూ" అని టిక్ చేసిందనుకోండి. ఆమె ఎవరో మీకు తెలియదు, వెళ్ళి పలకరించలేరు. తెలిసీ ఊరుకోలేరు. అట్లాంటి జవాబు వస్తే ఎవరు, ఎప్పుడు, ఏం చేయాలో గైడ్ ముందే రాసి పెట్టకపోతే ఆ స్కేలు ముట్టుకోవద్దు. మానసిక విషయాలు అడిగే ఏ ఫారమైనా, చివర 14416 నంబర్ పెద్ద అక్షరాల్లో ఉండాలి. అది టెలి-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అపోహ: డిగ్రీ అయిపోతే సైకాలజిస్ట్ బోర్డు పెట్టుకోవచ్చు.

"మా బిడ్డ పిచ్చోళ్ళ డాక్టరైతదా?" అని అడిగే అమ్మానాన్నలకు ముందు జవాబు: కాదు. సైకియాట్రిస్ట్ కావాలంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ చేయాలి. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన అర్హత ఉన్నవాళ్ళని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం చెప్తుంది. రిజిస్టర్‌లో పేరు లేకుండా ప్రాక్టీస్ చేస్తే 1992 ఆర్‌సీఐ చట్టం కింద ఏడాది వరకు జైలు కూడా పడొచ్చు. నెల రోజుల కౌన్సెలింగ్ డిప్లొమా ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలిస్తే ఆ అర్హత రాదు.

ఇన్నాళ్ళూ దారి పీజీ తర్వాత రెండేళ్ళ ఫుల్‌టైమ్ ఎంఫిల్. 2022లో యూజీసీ ఎంఫిల్‌ను ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా గడువిచ్చింది. ఇప్పుడు డిగ్రీలో ఉన్నవాళ్ళు అక్కడికి చేరేసరికి కోర్సు పేరు వేరే ఉండొచ్చు. పేరు ఏదైనా, ఫీజు కట్టకముందు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ, ఆ కోర్సు, ఆ విద్యాసంవత్సరం మూడూ కలిపి ఉన్నాయో లేదో చూడండి. పక్క కోర్సుకు వచ్చిన అనుమతి చూపించి "ఆర్‌సీఐ గుర్తింపు ఉంది" అనే వాళ్ళున్నారు.

అపోహ: ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో పీజీ సైకాలజీ చేసేయొచ్చు.

2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపొద్దని యూజీసీ చెప్పింది. ఇంకా అడ్మిషన్ ఇస్తామనే ఏజెంట్‌కు ఒక్క రూపాయి కట్టకండి.

అపోహ: ఎంఏ కంటే ఎంఎస్సీ గొప్ప.

సిలబస్, ప్రాక్టికల్స్ చూసి చేరండి. పీజీ అర్హతతో నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాయడానికి 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగులకు 50 శాతం కావాలి. అక్కడ ఎంఏ, ఎంఎస్సీ అన్న తేడా లేదు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకు నెట్ ద్వారా వచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు.

అపోహ: సైకాలజీ చేస్తే ఉద్యోగం లేదు, ఉన్నా హైదరాబాద్‌లోనే.

క్లినిక్ ఒక్కటే దారి అనుకుంటే అట్లాగే అనిపిస్తుంది. జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాల్లో కౌన్సెలర్ పోస్టులుంటాయి. వీటికి నోటిఫికేషన్లు జిల్లా స్థాయిలోనే వస్తాయి, ఎక్కువగా కాంట్రాక్ట్ మీద. ఏ పోస్టుకు ఏ పీజీ అడుగుతున్నారో పాత నోటిఫికేషన్లు తీసి ఇప్పుడే చూసుకోండి. పిల్లలతో పనిచేయడం ఇష్టమైతే స్పెషల్ ఎడ్యుకేషన్ బీఈడీ ఉంది, దానికీ ఆర్‌సీఐ గుర్తింపు చూడాలి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ, మనకు బస్సు దూరంలోనే ఉంది.

అపోహ: ఇంగ్లిష్ రానివాళ్ళకు రీసెర్చ్ వద్దు.

పేపర్లు చదవడానికి ఇంగ్లిష్ కావాలి, కాదనను. వారానికి ఒక పేపర్, అందులోనూ ముందు మెథడ్ భాగం చదవండి. ఆ భాగంలో వాక్యాలు అన్ని పేపర్లలో ఒకే తీరుగా ఉంటాయి, పది చదివేసరికి అలవాటవుతుంది. శోధగంగ వెబ్‌సైట్‌లో పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. చదవండి, పేరాలు ఎత్తి అతికించకండి. అదే సమయంలో ఊళ్ళలో తిరిగి డేటా తెచ్చే ప్రాజెక్టుకు కోస్గిలో ఒక అవ్వ పక్కన కూర్చుని, ఆమె మాటలో ప్రశ్న అడిగి, జవాబును మార్చకుండా రాసుకునే మనిషి కావాలి. మీరు సొంతంగా ఎనభై, తొంభై ఫారాలు నింపించి ఉంటే, ఆ ఫారం, కోడ్ బుక్ (ఏ జవాబుకు ఏ అంకె వేశారో రాసిన కాగితం), డేటా షీట్, గైడ్ సంతకం ఉన్న రిపోర్ట్ ఒక ఫైల్లో పెట్టుకుని అట్లాంటి పనికి అప్లై చేయండి. ఇంటర్వ్యూలో ఆ షీట్ తెరిచి చూపించండి.